ట్యాంకు మూతతో తంటా!

"బండి నడపడం వచ్చిందిగా, ఇక బాగు చేయడం కూడా నేర్చుకో" అని మావారు సరదాగా అంటుంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఓ చిన్న మూత నాచేత ఆ పని చేయిస్తుందని అప్పుడు అనుకోలేదు.

మాది పటాన్‌చెరు దగ్గర లక్డారం. కంకర క్రషర్లు, రోజంతా తిరిగే టిప్పర్లు. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము! నేను పాశమైలారంలో ఓ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్తాను. డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది. బస్సు దొరికితే దొరికినట్టు, లేదంటే లేదు. మావారికి కంపెనీ బస్సు వచ్చాక ఆయన పాత వంద సీసీ మోటార్‌సైకిల్ నా చేతికొచ్చింది. "ఆడిపిల్ల మోటార్‌సైకిల్ నడుపుడేందే?" అని మా అత్తమ్మ గొణిగినా, కొన్నాళ్లకు ఆమే అలవాటుపడింది.

తాళం చెవి విరిగింది

మొదటి తంటా తాళంతోనే వచ్చింది. దుమ్ము పట్టి తిరగడం లేదని నేను కొబ్బరినూనె పోశాను. నూనె, దుమ్ము కలిసి లోపల ముద్దలా తయారైంది. బలంగా తిప్పితే చెవి పుటుక్కున విరిగింది. తాళాలవాణ్ణి పిలిచి మూత తీయించి, స్పేర్ పార్టుల షాపులో తాళంతో ఉన్న కొత్త మూత కొన్నాను.

తాళం లేని మూత చవకే. కానీ పెట్రోలు ఖరీదైనప్పుడు తాళం విలువ తెలుస్తుంది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసినప్పుడు అమెరికాలో కార్లలోంచి పెట్రోలు దొంగిలించేవారట. అప్పుడక్కడ తాళం మూతలకు గిరాకీ పెరిగింది. మన హైదరాబాద్‌లో 2021 జూన్‌లో లీటరు వంద రూపాయలు దాటింది. ఇంటి బయట బండి పెట్టుకునేవాళ్లం, తాళం లేకుండా ఎలా?

కొత్త మూత కాస్త వదులుగా ఉంది. గుంతల్లో పడితే పెట్రోలు చిమ్మేది. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి వాషర్ చేసి వేశాను. మూతను తిరగేసి చూస్తే కిందివైపు సూదిమొనంత రంధ్రం కనిపించింది. "ఇదిగో, ఇక్కడినుంచే కారుతోంది" అనుకుని దాన్ని ఎం-సీల్‌తో గట్టిగా మూసేశాను. చుక్క కారడం లేదు, వాసన లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను!

చీకట్లో ఆగిన బండి

రెండు మూడు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత ఓ సాయంత్రం ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని బయల్దేరాను. బొంబాయి హైవే మీద కొంతదూరం వచ్చానో లేదో, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత కిక్కు కొట్టినా లాభం లేదు. పక్కనుంచి టిప్పర్లు రయ్యిమని పోతున్నాయి. ఒంటరిగా ఉన్నాను, కాళ్లలో వణుకు.

కాస్త దూరంలో చాయ్ కొట్టు కట్టేస్తున్న పెద్దాయన చూసి వచ్చాడు. "ఒకసారి మూత తీసి పెట్టు బిడ్డా" అన్నాడు. తాళం తిప్పగానే 'సుయ్'మని గాలి లోపలికి పీల్చుకుంది. మళ్లీ కిక్కు కొడితే బండి స్టార్టయింది. "మూతకు గాలి ఆడ్తలేదు" అని తన దారిన తాను వెళ్లిపోయాడు. ఊరు చేరేలోపు మరోసారి ఆగింది. మరోసారి మూత తీశాను.

ఇంట్లో సంగతి చెబితే మావారు గాభరాపడ్డారు. "రేపట్నుంచి ఆ బండి వద్దు. అవసరమైతే పనే మానేద్దువు" అన్నారు. అత్తమ్మా వంత పాడింది. బండి లేకపోతే నాకు ఉద్యోగం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు సంగతి

పెద్దాయన మాట పట్టుకుని ఆలోచిస్తే అర్థమైంది. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలును కిందికి దిగనివ్వదు. మూతి గట్టిగా మూసిన డబ్బాకి అడుగున చిల్లు పెట్టినా నూనె ధారగా రాదు చూడండి, అలాగే! నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ కాబట్టి బండి త్వరగా ఆగింది. ఎండలో నిలిపినప్పుడు దీనికి రివర్సు. ఆవిరి బయటికి పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. నేను కారుడు అనుకుని మూసింది మూతకున్న ముక్కుని!

ఆదివారం మూతను బండికి దూరంగా, ఆరుబయటికి తెచ్చి గట్టిపడిన ఎం-సీల్‌ను బ్లేడుతో గీకేశాను. గుండుసూదితో రంధ్రం శుభ్రం చేశాక రెండోవైపునుంచి గాలి ఆడింది. సైకిల్ ట్యూబు వాషర్ పెట్రోలుకు ఉబ్బిపోయి ఉంది. దాన్ని పారేసి, పెట్రోలుకు తట్టుకునే వాషర్ కొని వేశాను. ఇప్పుడు చిమ్మడమూ లేదు, ఆగడమూ లేదు. వారం రోజులు మావారే వెనక కూర్చుని పరీక్ష చేశారు. ఆ తర్వాత పని మానే మాట మళ్లీ ఎత్తలేదు.

మీరూ గుర్తుంచుకోండి

- తాళంలో నూనె పోయకండి. పెన్సిల్ ములుకు పొడిని చెవికి రాసి నాలుగుసార్లు తిప్పితే చాలు. స్పేరు చెవి ఇంట్లో ఉంచుకోండి.
- బండి కొంతదూరం వెళ్లి ఆగి, మూత తీయగానే స్టార్టయితే గాలి రంధ్రం మూసుకుందేమో చూడండి.
- దుమ్ము, వాన పడకుండా ఆపి ఉంచిన బండి ట్యాంకు మీద పాత రెయిన్‌కోటు గుడ్డను వదులుగా కప్పండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. నీళ్లు చేరితే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగి బండి మొరాయిస్తుంది.
- పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పొయ్యి దాకా వెళ్తుంది. వంటింటి దగ్గర, దీపం, అగరుబత్తి ఉన్నచోట ట్యాంకు మూత తీయకండి. ట్యాంకుకు ఇంట్లో డ్రిల్లు అస్సలు పెట్టకండి.
- 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో ఆవిరిని పట్టే ఏర్పాటు వేరేగా ఉంటుంది. వాటి జోలికి పోకుండా మెకానిక్‌కే చూపించండి.

మొన్న పక్కింటి వదిన కొత్త మూత కొనుక్కొచ్చి, "కింద చిల్లు ఉంది, మార్చుకురానా?" అని అడిగింది. "వద్దొదినా, అదే దాని ఊపిరి" అన్నాను.