జన్యుపరిశోధన: కాలపు అంచనా

ఉద్దానపు పల్లెలలో ఏ యరుగుమీఁద కూర్చున్నను పెద్దలు నన్నడుగు ప్రశ్న యొక్కటే: “పంతులుగారూ, ఈ కిడ్నీ జబ్బునకు కారణ మెప్పటికి తేలును?”

2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండవ్యాధుల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును ఆరంభింపఁబడినవి. అయినను మూలకారణ మింకను నిర్ధారణము కాలేదు. నీరు, మట్టి, ఎండలోని చాకిరి, వంశగుణము, అన్నియు ననుమానములే. వంశగుణమును శోధించుటకు జీవసమాచారశాస్త్రము తోడ్పడును. అనఁగా దేహకణములలోని జన్యులిపిని కంప్యూటరుతో చదివి పోల్చి చూచు విద్య. ఆ పనికి పట్టు కాలమును అంచనా కట్టు తెఱఁగును నేఁడు మనవి చేసెదను.

పడుచుతనమున టెక్కలిలో నొక తాళపత్రగ్రంథమునకు ప్రతి వ్రాసి, పరిష్కరించి యిచ్చుటకు నెల చాలునని గురువుగారికి మాట యిచ్చితిని. వ్రాఁత యిరువది దినములలో ముగిసినది. మఱి రెండు ప్రతులతో పోల్చి పాఠభేదములు తేల్చుటకు ఏఁడాదిన్నర పట్టినది. నేను ఆకులను లెక్కించితిని గాని సందేహములను లెక్కింపలేదు.

జన్యులిపి విషయమును అంతియే. అందు సుమారు 300 కోట్ల యక్షరములు కలవు. దానిని 15 ఏండ్లలో చదువుదుమని 1990లో పలుదేశముల శాస్త్రజ్ఞులు పూనిరి. 2003లోనే, గడువునకు ముందే, ముగిసినదనిరి. కాని మిగిలిన ఖాళీలు పూరింపఁబడుట 2022లోఁ గాని కాలేదు. నేఁ డొకని లిపిని కొలఁది దినములలో చదువవచ్చును. అయితే ఒక్కొక్కని లిపి ప్రమాణప్రతితో 40, 50 లక్షల తావుల భేదించును. వానిలో వ్యాధికి సంబంధించిన దేదో తేల్చుటయే కాలమును మ్రింగు పని.

కావున అంచనా కట్టువాఁడు ముందుగా పనిని విడఁదీయవలెను: రోగుల సమ్మతి గొని రక్తము సేకరించుట, చదువుట, తప్పులు దిద్దుట, పోల్చుట, వేఱొక జనములో సరిచూచుట. ఒకే రోగి పేరు రెండు పట్టీలలో రెండు విధములుగా నుండిన, దానిని సరిచేయుటకును కాలము కావలెను. పిదప పదిమంది లిపులతో పని నడిపి, పట్టిన కాలమును వ్రాసికొనవలెను. తుదకు ఒక తేదీ గాక, తక్కువ కింత, ఎక్కువ కింత యని రెండు హద్దులు చెప్పి, పని సాగినకొలఁది వానిని సవరింపవలెను.

పరిశోధకులు మీ యూరికి వచ్చినపుడు, “ఎప్పుడు ముగియును?” అని మాత్రమే యడుగక, “ఇంతవఱ కేమి చేసితిరి? ఏ మెట్టున ఆఁగితిరి?” అని యడుగుఁడు. ఒక్క తేదీ చెప్పి ధైర్యపఱచువానికంటె, హద్దులు చెప్పి కారణము వివరించువాఁడే నమ్మఁదగినవాఁడు.

ఒక్కమాట. కారణము తేలువఱకు రక్తపరీక్షను, మందును ఆపవలదు. శాస్త్రము ఆలస్యము కావచ్చును. రోగము మనకొఱకు ఆఁగదు.