లక్షణాన్ని బట్టి మందు.. ఎంఎస్‌కు అదే ఊరట
పూర్తిగా నయం కాకున్నా అదుపులో ఉంచే మార్గాలున్నాయి

ఉన్నట్టుండి ఒక కంటి చూపు మసకబారడం, కాళ్లలో తిమ్మిర్లు, నడుస్తుంటే తూలడం, కొద్దిపాటి పనికే విపరీతమైన నీరసం.. పల్లెల్లో ఇటువంటి లక్షణాలు కనిపిస్తే ‘నరాల బలహీనత’గా భావించి బలం సూదులతో సరిపెట్టుకోవడం పరిపాటి. కొన్ని వారాలకు అవి వాటంతటవే తగ్గితే ఆ సంగతే మరచిపోతారు. నెలలో, సంవత్సరాలో గడిచి మళ్లీ తిరగబెట్టినప్పుడు గానీ అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలదు. క్లుప్తంగా ఎంఎస్ అని పిలిచే ఈ వ్యాధిని సమూలంగా నయం చేసే మందు నేటికీ లేదు. అయితే రోగిని బాధించే ఒక్కో లక్షణానికీ ఒక్కో చికిత్స అందుబాటులో ఉంది.

తొడుగు చెదిరిన తీగ
విద్యుత్ తీగకు రక్షణగా ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే నరాల తంతువులపై మైలిన్ అనే పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున మెదడు, వెన్నుపాము, కంటి నరంలోని ఈ పొరపై దాడి చేస్తుంది. దాంతో మెదడు నుంచి వెళ్లే సంకేతాలు మందగిస్తాయి. 1868లో ఫ్రెంచి వైద్యుడు జీన్ మార్టిన్ షార్కో దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించారు. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో అధికం. ఇది అంటువ్యాధి కాదు. ఎంఆర్ఐ స్కానింగ్, అవసరమైతే వెన్నునీటి పరీక్ష ద్వారా నాడీ వైద్యులు నిర్ధారిస్తారు.

మూడు తరహాల మందులు
చికిత్సలో మూడు భాగాలున్నాయి. వ్యాధి తిరగబెట్టినప్పుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 3 నుంచి 5 రోజులపాటు రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. ఇది త్వరగా కోలుకునేందుకు తోడ్పడుతుందే తప్ప మున్ముందు దాడులను ఆపదు. దాడుల సంఖ్యను తగ్గించేందుకు ఇంటర్‌ఫెరాన్ బీటా, గ్లాటిరమర్, డైమిథైల్ ఫ్యూమరేట్, రిటుక్సిమాబ్ వంటి మందులను దీర్ఘకాలం వాడతారు. మూడవది, రోజువారీ బాధలను తగ్గించే చికిత్స.

ఏ బాధకు ఏ ఉపశమనం?
కండరాల బిగుతు: బాక్లోఫెన్, టిజానిడిన్ మాత్రలతో పాటు ప్రతిరోజూ కండరాలను సాగదీసే వ్యాయామం అవసరం. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ వంటి ప్రమాదాలు తలెత్తవచ్చు. క్రమంగానే తగ్గించాలి.
నీరసం: పనిని విడతలుగా చేసుకుంటూ మధ్యలో విశ్రమించడం మేలు. తేలికపాటి వ్యాయామం ఉపకరిస్తుంది. కొందరికి అమాంటడిన్ ఇస్తారు.
మూత్ర సమస్యలు: ఆపుకోలేని తొందరకు ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్ వాడతారు. మూత్రం పూర్తిగా వెలువడనివారికి గొట్టంతో తీసుకునే పద్ధతిని నేర్పుతారు.
నరాల నొప్పి: మంట, పోట్లకు గాబాపెంటిన్, ముఖంలో మెరుపులా వచ్చే నొప్పికి కార్బమజెపిన్ ఇస్తారు.
నడక: ఫిజియోథెరపీ, చేతికర్ర ప్రధానం. ఫాంప్రిడిన్ కొందరికి ఉపయోగపడినా మూర్ఛ ఉన్నవారికి తగదు.
దిగులు: ఇది కూడా వ్యాధి లక్షణమే. కౌన్సెలింగ్, మందులతో తగ్గుతుంది.

ఎండతో జాగ్రత్త
శరీర ఉష్ణోగ్రత పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మరింత మందగిస్తాయి. 1890లో జర్మన్ వైద్యుడు ఊట్‌హాఫ్ దీనిని గుర్తించారు. మండు వేసవిలో పొలం పనికి వెళ్లినా, జ్వరం సోకినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా పాత లక్షణాలు పైకి తేలతాయి. ఇది కొత్త దాడి కాదు. చల్లబడితే, జ్వరం తగ్గితే సర్దుకుంటుంది. దీనికి స్టెరాయిడ్లు అవసరం లేదు. పైగా ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు అవి హాని చేయవచ్చు. జ్వరం లేకుండా కొత్త లక్షణం 24 గంటలకు మించి కొనసాగితే మాత్రం వెంటనే నాడీ వైద్యుని సంప్రదించాలి. వేసవిలో పనులు తెల్లవారుజామునే ముగించుకోవడం, చల్లని నీటితో స్నానం, తడి తువాలు కప్పుకోవడం మేలు చేస్తాయి.

చట్టం అండ
2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. ప్రభుత్వ వైద్యులు 40 శాతం, ఆపైన వైకల్యాన్ని ధ్రువీకరిస్తే చట్టప్రకారం దక్కే రిజర్వేషన్లు, ఇతర సౌకర్యాలకు అర్హత లభిస్తుంది. యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

బయటికి ఆరోగ్యంగా కనిపించే కోడలో, కూతురో పనిమధ్యలో కూలబడితే దానిని బద్ధకంగా భావించరాదు. ఎంఎస్‌లో నీరసం కంటికి కనిపించదు. ఇంటిల్లిపాదీ ఈ సంగతి గ్రహించి, మందులు మధ్యలో మానకుండా చూస్తే రోగికి సగం బరువు దిగినట్లే.