ఇంగ్లీషు వాక్యంలో క్రియా విశేషణం ఎక్కడ ఉండాలి?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• క్రియా విశేషణం రాగల మూడు స్థానాలను గుర్తించగలుగుతారు.
• క్రియకు, కర్మకు మధ్య క్రియా విశేషణాన్ని ఎందుకు ఉంచకూడదో వివరించగలుగుతారు.
• 'ఓన్లీ' అనే పదాన్ని అపార్థానికి తావులేకుండా వాడగలుగుతారు.

1. పరిచయం

ఈ కింది వాక్యాలను గమనించండి.

రైతు కాలువ గట్టును జాగ్రత్తగా పరిశీలించాడు.
రైతు జాగ్రత్తగా కాలువ గట్టును పరిశీలించాడు.
జాగ్రత్తగా రైతు కాలువ గట్టును పరిశీలించాడు.

మూడూ తెలుగు వాక్యాలే. మూడో వాక్యం కొంచెం తక్కువగా వినిపిస్తుంది గాని తప్పు కాదు. 'గట్టును' లోని 'ను' అది కర్మ అని చెబుతుంది. 'జాగ్రత్తగా' లోని 'గా' అది క్రియా విశేషణమని చెబుతుంది. పదం ఎక్కడికి జరిగినా దాని గుర్తు దానితోనే ఉంటుంది. ఇంగ్లీషులో కర్తకు, కర్మకు ఇలాంటి విభక్తి ప్రత్యయాలు లేవు. ఆ పని పదం ఉన్న చోటు చేస్తుంది. అందుకే ఇంగ్లీషులో చోటు మారితే వాక్యం చెడవచ్చు, లేదా అర్థమే మారవచ్చు.

ఈ పాఠంలో ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో ఇస్తున్నాం. ఒక్కొక్క దానిని ఇంగ్లీషు అక్షరాలలో మీ నోటుబుక్కులో రాసుకుంటూ చదవండి.

2. మూడు స్థానాలు, ఒక నిషేధం

పై భావాన్నే ఇంగ్లీషులో చెబుదాం.

మొదట: "కేర్‌ఫుల్లీ, ది ఫార్మర్ ఎగ్జామిన్డ్ ది కెనాల్ బండ్."
మధ్యలో: "ది ఫార్మర్ కేర్‌ఫుల్లీ ఎగ్జామిన్డ్ ది కెనాల్ బండ్."
చివర: "ది ఫార్మర్ ఎగ్జామిన్డ్ ది కెనాల్ బండ్ కేర్‌ఫుల్లీ."

మధ్య స్థానం అంటే కర్తకు, క్రియకు నడుమ ఉన్న చోటు. రాకూడని చోటు క్రియకు, కర్మకు నడుమ ఉంది. "ది ఫార్మర్ ఎగ్జామిన్డ్ కేర్‌ఫుల్లీ ది కెనాల్ బండ్" అనకూడదు. మన విద్యార్థుల జవాబు పత్రాలలో తరచుగా కనిపించే "షి స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లీష్", "ఐ లైక్ వెరీ మచ్ మ్యాంగోస్" అనే వాక్యాలు ఈ కోవలోవే. కర్మను క్రియ పక్కనే ఉంచితే అవి సరిపోతాయి: "షి స్పీక్స్ ఇంగ్లీష్ ఫ్లూయెంట్లీ", "ఐ లైక్ మ్యాంగోస్ వెరీ మచ్". కర్మ మరీ పొడవైన పదబంధమైనప్పుడు మాత్రమే ఈ నియమం సడలుతుంది.

3. ఎంత తరచుగా?

'ఆల్వేస్', 'యూజువల్లీ', 'ఆఫెన్', 'నెవర్' వంటివి పని ఎంత తరచుగా జరుగుతుందో చెబుతాయి. వీటి సహజ స్థానం మధ్యలోనే. అయితే క్రియను బట్టి ఆ చోటు మారుతుంది.

(అ) ప్రధాన క్రియ ఒక్కటే ఉంటే దానికి ముందు: "ది రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ యూజువల్లీ లీవ్స్ విజయవాడ ఇన్ ది మార్నింగ్."
(ఆ) 'యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్' ప్రధాన క్రియలైతే వాటి తరువాత: "ది బస్ స్టేషన్ ఈజ్ ఆల్వేస్ క్రౌడెడ్."
(ఇ) సహాయక క్రియలుంటే మొదటి సహాయక క్రియ తరువాత: "ది రోడ్ టు అవనిగడ్డ హ్యాజ్ ఆఫెన్ బీన్ ఫ్లడెడ్."

'నాట్' ఉన్న వాక్యంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకు "ఐ రియల్లీ డోంట్ నో" అంటే "నాకు నిజంగా తెలియదు" అని గట్టిగా చెప్పినట్లు. "ఐ డోంట్ రియల్లీ నో" అంటే "నాకు అంతగా తెలియదు" అని మెత్తగా చెప్పినట్లు. ఉన్న పదాలు అవే. 'రియల్లీ' మొదటి వాక్యంలో నిరాకరణకు బలమిచ్చింది. రెండో వాక్యంలో నిరాకరణ పరిధిలోకి వెళ్ళి బలం కోల్పోయింది.

4. స్థలం, కాలం

"1855లో బెజవాడలో కృష్ణా ఆనకట్ట పూర్తయింది" అంటాం. తెలుగులో సాధారణంగా కాలం ముందు, స్థలం తరువాత. ఇంగ్లీషు వాక్యం చివర ఈ వరుస తిరగబడుతుంది: "ది కృష్ణా ఆనికట్ వాజ్ కంప్లీటెడ్ ఎట్ బెజవాడ ఇన్ 1855." కాలానికి ప్రాధాన్యం ఇవ్వాలంటే "ఇన్ 1855" ను వాక్యం మొదటికి తీసుకుపోవచ్చు.

5. 'ఓన్లీ': మన ఏకారం తెచ్చే చిక్కు

"నేను విజయవాడలోనే ఉంటాను" అనే వాక్యాన్ని మనలో చాలామంది "ఐ లివ్ ఇన్ విజయవాడ ఓన్లీ" అంటారు. తెలుగులో నొక్కి చెప్పే ఏకారం పదం చివర చేరుతుంది కాబట్టి 'ఓన్లీ'ని కూడా చివర చేరుస్తాం. మన దేశంలో మాటల్లో ఇది చెల్లుతుంది. బయటివారు చదివే ఉత్తరంలో, దరఖాస్తులో ఇది ఇబ్బంది పెడుతుంది. రాసేటప్పుడు 'ఓన్లీ' ఏ పదాన్ని పరిమితం చేస్తుందో దానికి సరిగ్గా ముందు ఉంచండి.

"ఓన్లీ ఐ పెయిడ్ ది ఎగ్జామినేషన్ ఫీ." (నేను మాత్రమే కట్టాను; ఇతరులు కట్టలేదు.)
"ఐ పెయిడ్ ఓన్లీ ది ఎగ్జామినేషన్ ఫీ." (పరీక్ష ఫీజు మాత్రమే కట్టాను, మిగిలిన ఫీజులు కట్టలేదు.)

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటి ఉంది. ఫీజు గడువు బుధవారంతో ముగిసింది, మీరు సోమవారమే కట్టేశారు అనుకోండి. ఆ సంగతి తెలుపుతూ "ఐ పెయిడ్ ది ఫీ ఆన్ మండే ఓన్లీ" అని రాశారు. మీ ఉద్దేశం "ముందే కట్టేశాను" అని. కాని ఇంగ్లీషు పాఠకుడు "సోమవారం దాకా కట్టలేదు" అని అర్థం చేసుకుంటాడు. తెలుగు ఏకారం "అప్పటికే" అనే అర్థాన్ని కూడా మోయగలదు. కాలంతో వాడిన 'ఓన్లీ' సాధారణంగా "అంతకు ముందు కాదు" అనే అర్థాన్నిస్తుంది. సకాలంలో పని చేసిన మనిషి ఆలస్యం చేసినట్లు తన చేతులతోనే రాసి ఇచ్చినట్లవుతుంది. ఇక్కడ కావలసిన పదం 'ఆల్‌రెడీ': "ఐ హ్యాడ్ ఆల్‌రెడీ పెయిడ్ ది ఫీ బై మండే." అది మొదటి సహాయక క్రియ తరువాత వచ్చిందని గమనించండి.

కాబట్టి ఏకారం ఉన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నా ఏకారానికి అర్థం "మాత్రమే" అనా, "అప్పటికే" అనా? జవాబును బట్టి పదాన్ని ఎంచుకోండి. తరువాత దాని చోటు చూడండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

కింది వాక్యాలను సరిచేయండి.
1. "హి ఆల్వేస్ ఈజ్ లేట్."
2. "మై ఫాదర్ రీడ్స్ ఎవ్రీ డే ది న్యూస్‌పేపర్."
3. "ఐ హ్యావ్ టూ బ్రదర్స్ ఓన్లీ."
4. "వి వెంట్ లాస్ట్ వీక్ టు మచిలీపట్నం."

సారాంశం

క్రియా విశేషణం వాక్యం మొదట, కర్త క్రియల మధ్య, చివర రావచ్చు. క్రియను, కర్మను విడదీయకూడదు. ఎంత తరచుగా అని చెప్పే పదాలు ప్రధాన క్రియకు ముందు, 'ఈజ్' వంటి వాటి తరువాత, మొదటి సహాయక క్రియ తరువాత వస్తాయి. వాక్యం చివర స్థలం ముందు, కాలం తరువాత. 'ఓన్లీ' తాను పరిమితం చేసే పదానికి ముందు ఉండాలి.

జవాబులు

1. "హి ఈజ్ ఆల్వేస్ లేట్."
2. "మై ఫాదర్ రీడ్స్ ది న్యూస్‌పేపర్ ఎవ్రీ డే."
3. "ఐ హ్యావ్ ఓన్లీ టూ బ్రదర్స్."
4. "వి వెంట్ టు మచిలీపట్నం లాస్ట్ వీక్."