ముందు తూటా, తరువాతే తుపాకీ: అమెరికాలో తొలి వేట రైఫిల్ ఎంపిక

వేట రైఫిల్ కొనదలచినవారు సాధారణంగా తుపాకీని ముందుగా ఎంచుకొని, ఆ తరువాత దానికి సరిపోయే తూటాల కోసం దుకాణాలు తిరుగుతారు. సరకు పుష్కలంగా ఉన్న రోజుల్లో ఈ వరుస వల్ల ఇబ్బంది ఉండదు గాని, కొరత ఏర్పడినప్పుడు ఎంతో ఇష్టపడి కొన్న రైఫిల్ కూడా తూటా లేక బీరువాలోనే ఉండిపోతుంది. అమెరికాలో 2008-09లోను, 2012-13లోను, మళ్లీ 2020 నుంచి 2022 వరకూ వచ్చిన కొరతలు ఈ వరుసను తిరగవేయవలసిన అవసరాన్ని చూపాయి. తుపాకీ ఒక్కసారి కొనేది, తూటా ఏటా కొనవలసినది కనుక, ఏటా దొరికేదాన్ని ముందు నిర్ణయించుకొని, దాన్ని పేల్చగల రైఫిల్‌ను తరువాత ఎంచుకోవడమే వివేకం.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది గనుక ఈ చర్చకు ఇక్కడ తావు లేదు. అమెరికాలో మాత్రం వేట ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సుతో, నిర్ణీత రుతువులో, నిర్ణీత సంఖ్యకు లోబడి సాగే చట్టబద్ధమైన వ్యవహారం. పైగా 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద తయారీదారులు చెల్లించే 11 శాతం పన్ను వన్యప్రాణుల పరిరక్షణకు, వేటగాళ్ల శిక్షణకు చేరుతుంది.

చట్టం విధించే హద్దులు

రైఫిల్‌ను ఎంచుకునే ముందు, వేటాడబోయే రాష్ట్రం ఏ ఆయుధాన్ని అనుమతిస్తుందో తెలుసుకోవాలి. జనావాసాలు, పొలాలు కలగలిసిన ఒహాయో, అయోవా వంటి రాష్ట్రాల్లో జింకల వేటకు సాధారణంగా మెడ సన్నబడని, నిటారు గోడలున్న తూటాలను పేల్చే రైఫిళ్లకే అనుమతి ఉంది. ఇలాంటి తూటాల గుండు సాధారణంగా తక్కువ దూరంలోనే వేగం కోల్పోతుంది. కాలిఫోర్నియాలో వేటకు సీసపు గుండ్లు వాడటం 2019 జులై 1 నుంచి పూర్తిగా నిషిద్ధం. చనిపోయిన జంతువుల శరీరాల్లో మిగిలిన సీసపు తునకలను తిని కాండోర్ రాబందులు విషప్రభావానికి లోనుకావడం ఈ నిషేధానికి ముఖ్య కారణం. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ పూర్తిచేయాలి.

అమెరికాలో ఉంటున్న తెలుగువారు మరో నిబంధనను ప్రత్యేకంగా గమనించాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అమెరికాలోని ఒక రాష్ట్రం జారీచేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఈ నిషేధం నుంచి మినహాయింపునిచ్చే మార్గాల్లో ఒకటి. శాశ్వత నివాసులకు ఈ నిషేధం వర్తించదు. లైసెన్సు ఉన్న వర్తకుని వద్ద రైఫిల్ కొనేవారికి కనీసం 18 ఏళ్లు నిండి ఉండాలి. 1998 నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌బీఐ నేరచరిత్ర తనిఖీ కూడా జరుగుతుంది. రాష్ట్రాల నిబంధనలు వీటికి అదనం.

తూటాను చదవడం

ఒక తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గుల్ల మిగిలినవాటిని పట్టి ఉంచుతుంది. దాని అడుగున ఉండే ప్రైమర్ అనే చిన్న లోహపు మూత, ఫైరింగ్ పిన్ తాకిడికి నిప్పును పుట్టిస్తుంది. ఆ నిప్పుకు లోపలి మందు మండి వాయువుగా మారుతుంది. ఆ వాయువు ఒత్తిడి గుండును గొట్టంలోంచి ముందుకు నెడుతుంది. తూటా పేరులోని తొలి అంకె సాధారణంగా గుండు లేదా గొట్టం వ్యాసాన్ని అంగుళాల్లో గాని మిల్లీమీటర్లలో గాని సుమారుగా సూచిస్తుంది.

తెల్లతోక జింక వేటకు తొలి రైఫిల్ కొనేవారు సాధారణంగా కొన్ని రకాల తూటాల మధ్యనే తేల్చుకుంటారు. అమెరికా సైన్యం 1906లో స్వీకరించిన .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 1925 నాటి .270 వించెస్టర్, 1952 నాటి .308 వించెస్టర్, 1955 నాటి .243 వించెస్టర్, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ వాటిలో ముఖ్యమైనవి. మామూలు వేట దూరాల్లో వీటిలో ఏది ఎంచుకున్నా జింకకు చాలినంత శక్తి ఉంటుంది గనుక, తేడాను నిర్ణయించేవి రెండే విషయాలు: దుకాణంలో దొరకడం, భుజం ఓర్చుకోవడం. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే శక్తి, ఒకే బరువున్న రైఫిళ్లలో, .243తో పోలిస్తే .30-06కు దాదాపు రెట్టింపు. ఆ తన్నుకు జడిసి మీట నొక్కే క్షణంలో కళ్లు మూసుకునే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం కాబట్టి, కొత్తవారు బలమైన తూటా కన్నా ఓర్చుకోగల తూటాను ఎంచుకోవడం మేలు.

రైఫిల్‌లో చూడవలసినవి

తొలి రైఫిల్‌గా బోల్ట్ యాక్షన్ రకాన్ని ఎక్కువమంది సిఫారసు చేస్తారు. ఇందులో ప్రతి పేలుడు తరువాతా బోల్ట్ పిడిని పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ గుల్ల బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా చాంబర్ అనే గదిలోకి చేరుతుంది. నిర్మాణం సరళం కావడంతో శుభ్రం చేయడమూ, రైఫిల్ ఖాళీగా ఉన్నదో లేదో కంటితో చూసి నిర్ధారించుకోవడమూ తేలిక. రెమింగ్టన్ 700, వించెస్టర్ మోడల్ 70, రూగర్ అమెరికన్, సావేజ్ ఆక్సిస్ ఈ కోవకు చెందినవే. మీట నుంచి భుజానికి ఆనే చివరి వరకు ఉండే పొడవు పెద్దవారి నమూనాల్లో సుమారు 13.5 అంగుళాలు ఉంటుంది. పొట్టివారికి, కుర్రవారికి తక్కువ పొడవున్న నమూనాలు వేరుగా దొరుకుతాయి. రైఫిల్‌ను భుజానికి ఆనించగానే మెడ సాచకుండా స్కోప్‌లో దృశ్యం నిండుగా కనిపిస్తే ఆ కొలత సరిపోయినట్లే. దృశ్యాన్ని 3 నుంచి 9 రెట్ల వరకు పెంచి చూపే స్కోప్ అడవి వేటకు ధారాళంగా సరిపోతుంది.

కొరత ఎందుకు వస్తుంది

తూటాల కొరతకు సాధారణంగా మూలం ఉత్పత్తి పడిపోవడం కాదు, గిరాకీ ఒక్కసారిగా ఎగబాకడం. 2020లో మహమ్మారి భయం, వీధుల్లో అశాంతి, అధ్యక్ష ఎన్నికలు ఒకే ఏడాది కలిసిరావడంతో ఎఫ్‌బీఐ వ్యవస్థలో నమోదైన తనిఖీలు 3.9 కోట్లు దాటాయి. అదే ఏడాది జులైలో రెమింగ్టన్ సంస్థ దివాలా రక్షణ కోరడంతో, ఆర్కన్సాలోని లోనోక్ వద్ద ఉన్న దాని తూటాల కర్మాగారం చేతులు మారవలసి వచ్చింది. వీటన్నిటికీ తోడు ప్రైమర్ ఒక ఇరుకు దారిలా నిలిచింది. పేలుడు స్వభావమున్న రసాయనాన్ని వాడే ఈ తయారీకి ప్రత్యేక భవనాలు, తర్ఫీదు పొందిన సిబ్బంది అవసరం కావడంతో, దేశంలో పెద్ద ఎత్తున దీన్ని తయారుచేసే సంస్థలు వేళ్లపై లెక్కించదగినన్నే. కొన్నాళ్లకు తగ్గిపోయే గిరాకీ కోసం కొత్త కర్మాగారం కట్టడానికి ఎవరూ తొందరపడరు. ఉన్న యంత్రాలను పిస్టళ్లలో వాడే 9 మిల్లీమీటర్ల తూటాలకు, .223 రకానికి కేటాయించినప్పుడు, వేట తూటాల వంతు ఆలస్యంగా వస్తుంది. 1895 నుంచి వాడుకలో ఉన్న .30-30 వంటి పాత రకాలు సైతం ఆ రోజుల్లో అరల మీద అరుదయ్యాయి.

కొరతలో కొనుగోలు

రైఫిల్‌కు డబ్బు చెల్లించే ముందు, చుట్టుపక్కల రెండు మూడు దుకాణాల అరలను కొన్ని వారాల వ్యవధిలో పరిశీలిస్తే, ఆ ప్రాంతానికి ఏ రకం క్రమంగా వస్తున్నదో తెలుస్తుంది. తుపాకీ కొనేటప్పుడే దానికి కావలసిన తూటాలు కూడా తీసుకోవడం మంచిది. జింకల వేటకు ఒక రుతువులో నిజంగా పేలేవి కొద్ది తూటాలే. స్కోప్ గురి సరిచేయడానికి, అభ్యాసానికి కలిపి చూసినా, 20 తూటాల పెట్టెలు నాలుగైదు ఉంటే జాగ్రత్తపరుడికి ఒకటి రెండు రుతువులు గడుస్తాయి. పెట్టెలన్నీ ఒకే సంస్థవీ ఒకే బరువు గుండువీ కావడం ముఖ్యం. బ్రాండు గాని బరువు గాని మారితే గుండు తగిలే చోటు మారుతుంది గనుక గురిని మళ్లీ సరిచేయాలి. నిలకడ, శ్వాస, మీట నొక్కే తీరు వంటి మెలకువలను చవకైన .22 రైఫిల్‌తో సాధన చేస్తే ఖరీదైన తూటాలు మిగులుతాయి.

కొరత మనిషిని ప్రమాదకరమైన సర్దుబాట్లకు కూడా పురికొల్పుతుంది. గొట్టం మీద చెక్కిన పేరు, తూటా అడుగున అచ్చొత్తిన పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చూపుకు దగ్గరగా ఉన్న వేరొక తూటాను పేలిస్తే గది పగిలి ప్రాణాపాయం కలగవచ్చు. అపరిచితులు ఇంట్లో నింపి అమ్మే తూటాలలో మందు మోతాదును నిర్ధారించుకునే దారి లేదు కనుక వాటికి దూరంగా ఉండాలి. ఫ్యాక్టరీ తూటాలు చల్లని, పొడి చోట ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి గాని, ఆ ధీమాతో అవసరానికి మించి పోగుచేసే ప్రతి కొనుగోలుదారూ కొరతను మరికొంత పెంచుతాడు.

ఇంత చేసినా గురి సరిచేసుకోవడానికి, అభ్యాసానికి సరిపడా తూటాలు దొరకకపోతే, ఆ రుతువుకు రైఫిల్ వేటను వాయిదా వేయడమే సరైన నిర్ణయం. రైఫిల్ గుండు ఎక్కడ తగులుతుందో తెలియకుండా జంతువుపై పేల్చితే, అది గాయపడి కనిపించకుండా పోయి నిదానంగా చనిపోయే అవకాశం ఉంటుంది. శిక్షణ తరగతులు నివారించమని బోధించేది ఆ ఫలితాన్నే.