ఒకే ఇల్లు, మూడు క్యాలెండర్లు

శుక్రవారం సాయంత్రం బెంగళూరు ఐటీ కంపెనీలు వదిలే వేళకి హోసూరు చుట్టుపక్కల తోట ఇళ్లకి గిరాకీ పెరుగుతుంది. దూరం 40 కిలోమీటర్లే. దేన్కనికోట దారిలోనో, తళి వైపో, ఇంకాస్త ముందుకెళ్లి కృష్ణగిరి డ్యాము దగ్గరో రెండు రాత్రులు ఉండి పోదామని ఫోన్లలో వెతుకుతుంటారు. బాడుగకిచ్చేవాళ్లు ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్ డాట్ కామ్, మేక్‌మైట్రిప్ మూడింటిలోనూ ఇల్లు పెట్టారనుకుందాం. ఇల్లు ఒకటే, ఖాళీ తేదీల పట్టికలు మాత్రం మూడు. ఒకచోట శనివారం అమ్ముడైతే మిగతా రెండు చోట్లకీ ఎంతసేపట్లో తెలుస్తుంది? ఈ పట్టికల్ని కలిపే సాఫ్ట్‌వేర్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. డాష్‌బోర్డు అందచందాలు తర్వాత చూసుకోవచ్చు.

ఈ చిక్కు మన రైల్వేకి ఎప్పుడో ఎదురైంది. కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలై ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకు పాకింది. కానీ ఎవరి డేటాబేస్ వాళ్లదే. వాటిని కలపడానికి రాసిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ 1994లో ముందుగా సికింద్రాబాదులోనే నడిచింది. 1999 నాటికి ఐదు కేంద్రాలూ ఒక వలలోకి వచ్చాయి. సూత్రం తేలికే: ఒక రైలు బెర్తుల లెక్క ఒకేచోట ఉంటుంది, ఏ ఊరి కౌంటరైనా అమ్మేముందు ఆ లెక్కనే అడగాలి, ఒకరి పని తెమిలేదాకా ఇంకొకరికి ఆ బెర్తు దొరకదు. అలా కలవని చోట కోటాలు వేసుకోవచ్చు. 72 బెర్తుల బోగీని నాలుగు ఊళ్లకి పంచవచ్చు. తోట ఇంటి శనివారాన్ని పంచలేం కదా! పైగా పోటీ కంపెనీలు ఉమ్మడి లెక్క పెట్టుకోవు. అందుకే ప్రతి సైటూ తన నకలు తాను ఉంచుకుంటుంది.

నకళ్లని సరిచూసే దారులు రెండు. మొదటిది ఐకాల్. 1998లో ప్రమాణంగా వచ్చిన మామూలు టెక్స్ట్ ఫైలు ఇది. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం లాంటిది: అవతలి సైటు తనకు వీలైనప్పుడు వచ్చి చదువుకుంటుంది, మధ్యలో గంటలు గడవచ్చు. రెండోది ఏపీఐ. బుకింగ్ పడగానే సాఫ్ట్‌వేరే మిగతా సైట్ల సర్వర్లకి కబురు పంపుతుంది, సాధారణంగా సెకన్లలో పని అవుతుంది.

తేడా ఎంతో లెక్కేద్దాం. ఒక సెలవు వారాంతానికి అవతలి సైట్లలో సగటున రోజుకొక బుకింగ్ ప్రయత్నం జరుగుతోందనుకోండి. కబురు చేరడానికి 3 గంటలు పడితే ఆ సందులో రెండో బుకింగ్ పడే అవకాశం దాదాపు 12 శాతం. పది రోజులకొక ప్రయత్నమైతే దాదాపు 1.2 శాతమే. కబురు 10 సెకన్లలో చేరితే, రోజుకొకటి వచ్చినా, 8,600లో ఒకటి. నిజ జీవితంలో ప్రయత్నాలు ఇలా సమానంగా రావు, శుక్రవారం సాయంత్రం గుంపుగా వస్తాయి. కాబట్టి అసలు ప్రమాదం ఈ లెక్కకన్నా ఎక్కువే.

నా మాట అడిగితే, ఒకే ఇల్లుండి నెలకి రెండు మూడు బుకింగులు వచ్చేవాళ్లకి ఉచిత ఐకాల్ చాలు. నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. కొత్త సంవత్సరం లాంటి రోజులకి మాత్రం ఒక్క సైటులో తప్ప మిగతావాటిలో తక్షణ బుకింగ్ ఆపేసుకోవాలి. అయితే ఐకాల్ పరిమితులు తెలిసుండాలి. అందులో ధర రాదు, తేదీలే వస్తాయి. ముగింపు తేదీ లెక్కలోకి రాదన్నది నియమం: శనివారం నుంచి సోమవారం అని ఉంటే సోమవారం రాత్రి ఖాళీ అన్నమాట. సైట్లు ఒకదాని నోటీసును ఇంకొకటి చదివి తిరిగి అంటించుకుంటే, రద్దయిన బుకింగ్ కూడా దయ్యంలా తేదీని పట్టుకు వేలాడుతుంది.

ఇళ్లు రెండు మూడైతే ఏపీఐ సాఫ్ట్‌వేరే మేలు. అయితే ‘అన్ని సైట్లతో కలుస్తుంది’ అనే ప్రకటనని నమ్మొద్దు. విదేశీ సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఎయిర్‌బీఎన్‌బీతో ఏపీఐ ద్వారా, మనవాళ్ల సైట్లతో ఐకాల్ ద్వారా కలుస్తాయి, లేదా అసలు కలవవు. ప్రతి సైటు పేరూ చెప్పి విడివిడిగా అడగాలి. ఉచిత ట్రయల్లో, గిరాకీ లేని మంగళవారం నాడు, ఒకచోట తేదీ మూసి మిగతాచోట్ల ఎన్ని నిమిషాల్లో మూసుకుందో గడియారం పెట్టి చూడండి. మళ్లీ తెరిచి కూడా చూడండి. మూయడం బాగా చేసి తెరవడం మర్చిపోయే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి.

ఏ సాఫ్ట్‌వేరుకీ అందని నాలుగో క్యాలెండరు ఒకటుంది. ‘ఈ ఆదివారం మేము వస్తున్నాం’ అని సూళగిరి నుంచి మేనమామ ఫోన్ చేస్తాడు. ఆ తేదీని ఫోను పెట్టిన వెంటనే ఇంటాయనే మూయాలి.