కణాలకూ ఆకురాలు కాలం

గాలికి విరిగిపడ్డ కొమ్మ వేరు, పండి తనంత తాను రాలిన ఆకు వేరు. మన ఒంట్లోని జీవకణాలకూ ఈ రెండు రకాల చావులున్నాయి. దెబ్బ తిన్న కణం ఉబ్బి, పగిలి, లోపలి సరుకంతా ఒలకబోస్తుంది. అక్కడ వాపు, మంట. రెండో రకం కణం ముడుచుకుని, తునకలై, చుట్టుపక్కల కణాలకు ఆహారమైపోతుంది. చప్పుడుండదు. ఈ రెండో చావుకు 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రజ్ఞులు "ఎపాప్టోసిస్" అని పేరు పెట్టారు. గ్రీకులో రాలిపోవడమని అర్థం. ఆ మాట అందించినవాడు ఒక గ్రీకు ఆచార్యుడు. శాస్త్రజ్ఞులు భాషా పండితుడి గుమ్మం తొక్కారంటే మా బోటివాళ్లకు సంతోషమే గదా!

దీన్ని కొందరు "కణాల ఆత్మహత్య" అంటారు. నాకా మాట నచ్చదు. చాలాసార్లు "ఇక నువ్వు వెళ్లు" అని చెప్పేవాడు మరొకడుంటాడు.

ఆ చెప్పేవాడు టి-కణం, తెల్ల కణాల్లో ఒక జాతి. మన కణాల్లో దాదాపు అన్నీ తమ లోపలి ప్రోటీన్ల తునకలను పైపొర మీద, పళ్లెంలో పెట్టినట్టు చూపుతుంటాయి. వైరస్ జొరబడితే దాని తునక కూడా ఆ పళ్లెంలోకి వస్తుంది. డెండ్రైటిక్ కణమనే వేగులవాడు శత్రువు ఆనవాలు ముందే చూపి ఉంటాడు గనుక, టి-కణం గుర్తుపట్టి అతుక్కుంటుంది. పెర్ఫోరిన్‌తో చిల్లులు పొడిచి, గ్రాంజైములను లోపలికి పంపుతుంది. అవి ఆ కణంలోనే నిద్రపోతున్న కాస్పేజులను తట్టిలేపుతాయి. కత్తెర ఆ కణానిదే. తీసి చేతికిచ్చింది మాత్రం పైవాడు.

కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ 1974లో ఎలుకల మీద ఒక చిత్రం బయటపెట్టారు. వైరస్ సోకిన ఎలుక టి-కణాలు తమ వంశపు రోగకణాలనే చంపాయి. అదే వైరస్ సోకినా, వేరే వంశపు కణాల జోలికి పోలేదు. అంటే తునకతోపాటు పళ్లెం మనింటిదేనా అనీ చూస్తాయన్నమాట! వారికి 1996లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇంకో సంగతి. ఆ వైరస్‌ను మెదడులోకి ఎక్కిస్తే ఎలుక చచ్చేది వైరస్ వల్ల కాదు, ఈ టి-కణాల దాడి వల్లనే. మనుషుల్లో హెపటైటిస్-బి కథా ఇలాంటిదే. వైరస్ తానుగా కాలేయాన్ని పెద్దగా పాడుచేయదు. పెద్దవాళ్లకు సోకితే టి-కణాలు గట్టిగా పోరాడతాయి. కొందరికి కామెర్లు వస్తాయి, చాలామందికి వైరస్ పోతుంది. తల్లి నుంచి సోకిన పసికందులో ఆ పోరు సరిగా సాగదు. నూటికి 90 మందిలో వైరస్ తిష్ఠ వేస్తుంది. కామెర్లు కనబడవు గనుక ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఏళ్ల తరబడి అరకొరగా నడిచే యుద్ధంలో కాలేయం గట్టిపడిపోవచ్చు. పుట్టిన 24 గంటల్లోపే బిడ్డకు హెపటైటిస్-బి టీకా వేయించమని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.