కారు ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ నింపించే ముందు ఇవి చూడండి

నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. అప్పుడే కారు ఏసీ మొరాయిస్తే చాలామంది నేరుగా గ్యాస్ నింపించేస్తారు. కానీ ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. అందుకే ముందు లక్షణాన్ని గమనించండి.

* గాలే తక్కువగా వస్తోందా? క్యాబిన్ ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుని ఉండొచ్చు.
* విజయవాడ హైవేపై చల్లగా ఉండి, కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గర ఆగగానే వేడి గాలి వస్తోందా? కండెన్సర్ ఫ్యాన్‌ను చెక్ చేయించండి. టెంపరేచర్ ముల్లు కూడా పెరుగుతుంటే వెంటనే ఏసీ ఆపేయండి.
* గాలి బాగానే వస్తున్నా అసలు చల్లబడట్లేదా? కంప్రెసర్ తిరుగుతోందో లేదో చూడమనండి. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, గ్యాస్ ప్రెజర్ పరీక్షించాలి.

గ్యాస్ తక్కువని తేలితే, లీకేజీ సరిచేయించాకే నింపించండి. లేదంటే మీ డబ్బు మళ్లీ గాలిలో కలిసినట్టే. ఏసీ ఎలా ఉన్నా, ఆపిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు.